మైకులో చేసిన ప్రార్థన

మొన్న మా యోహాను బాబాయి జ్ఞాపకార్థ కూడికలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. బాబాయి అంటే మా అమ్మ చెల్లెలి భర్త. చీరాల దగ్గర ఆయన ఊళ్ళో, ఇంటి ముందు టెంటు వేసి, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద ఆయన ఫొటో పెట్టారు. రెండు పక్కలా మనిషెత్తు స్పీకర్లు. అవి ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళవే. బాబాయికి మైకు సెట్ల షాపు ఉండేది, పెళ్ళిళ్ళకీ సభలకీ అద్దెకిచ్చేవాడు. మైకు నా చేతికి రాగానే ఎంత చెప్పాలనిపించిందో అంత భయమూ వేసింది. ఆయన మంచివాడని, నేను ఇంటర్ చదివినన్నాళ్ళు సొంత కూతురిలా చూసుకున్నాడని చెప్పి, అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. మంగళగిరికి తిరిగి వస్తుంటే కారులో మా ఆయన, "నువ్వింత తక్కువ మాట్లాడటం పెళ్ళయ్యాక ఇదే చూడటం" అన్నాడు. నేను చెప్పాలనుకున్న సంగతి మైకులో చెప్పేది కాదని ఆయనకి అప్పటికప్పుడు ఎలా వివరించను?

అందుకే ఇక్కడ రాస్తున్నాను, అదీ పిన్నిని అడిగి. కూడిక అయ్యాక జనం భోజనాలకి లేస్తుంటే, పిన్ని ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన చేరి, "పిన్నీ, అప్పటి సంగతి రాద్దామనుకుంటున్నా. రాయనా?" అన్నాను. ఏ సంగతి అని ఆవిడ అడగలేదు. కాసేపు చీర అంచు సర్దుకుని, "రాయి. పేర్లు మార్చి రాయి. మీ అమ్మని మాత్రం చెడ్డదాన్ని చెయ్యమాక" అంది. పేర్లు మార్చాను. అమ్మని చెడ్డదాన్ని చెయ్యాలన్నా నా వల్ల కాదు.

మా ఊరు గుంటూరు నుంచి చీరాల వెళ్ళే వైపు, మిరపా పత్తీ తప్ప మూడో పంట ముఖం పెద్దగా ఎరగని నల్ల నేలలో ఉంది. నాన్న కౌలుకి మిరప వేసేవాడు. అమ్మ కూలికీ వెళ్ళేది, మా చేలోనూ చేసేది. తాతయ్య పోయాక అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ సంఘంలో బైబిల్ స్త్రీగా పని చేసేది. అంటే రోజూ ఇంటింటికీ వెళ్ళి, వాక్యం చదివి వినిపించి, వాళ్ళ కష్టం విని, ప్రార్థన చేసి రావడం. తెల్ల చీర, నల్ల గొడుగు, బైబిలు పెట్టుకునే గుడ్డ సంచి. పొద్దున్నే పచ్చి మిరపకాయ నంజుకుని చద్దన్నం తిని బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ వచ్చేది కాదు. ఏ ఇంట్లో కోడలు ఎందుకు ఏడుస్తోందో, ఏ ఇంట్లో కొడుకు ఎక్కడ తాగి పడిపోతున్నాడో ఆవిడకి తెలిసినంత పాస్టరుగారికి కూడా తెలియదు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని గడప పక్కన కూర్చోగానే మా అమ్మ మెల్లగా దగ్గరికి జరిగేది.

"మార్తమ్మ కోడలు పుట్టింటికి పోయిందంటగా, ఎందుకంట?"

"బెల్లం కాఫీ ఇచ్చారు. బాగుంది."

"కాఫీ సంగతి కాదే అమ్మా."

"నేను పుచ్చుకుంది కాఫీయేనే కరుణా."

అలాగని అమ్మమ్మ మెత్తగా మాట్లాడే మనిషి అనుకునేరు. వాకిట్లో ఆరబెట్టిన కాయల మీద కోళ్ళు పడితే ఆవిడ తిట్టే తిట్లకి పక్కింటి కోళ్ళు కూడా పారిపోయేవి. చౌక దుకాణంలో కిరసనాయిలు తక్కువ కొలిస్తే డీలరు ముఖం మీదే కడిగేసేది. స్నానానికి పిలిస్తే రాలేదని మమ్మల్ని వీధి చివరిదాకా వినబడేలా అరిచేది. ఎదురుగా ఉన్న మనిషిని ఎదురుగానే అనేది, పది నిమిషాల్లో పిలిచి అన్నం పెట్టేది. కానీ అక్కడ లేని మనిషి గురించి ఆవిడ నోట ఒక్క ముక్క వచ్చేది కాదు. చిన్నప్పుడు నేనది గమనించలేదు. ఆవిడ పోయాక, ఆవిడ చెప్పిన కబుర్లు గుర్తు చేసుకుందామని కూర్చుంటే, ఊళ్ళో వాళ్ళ కబురు ఒక్కటీ తగల్లేదు. అన్నీ కోళ్ళవీ, మావే.

సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉండేది. చాప మీద అందరం కూర్చునేవాళ్ళం. నాన్న ఒంటి మీద పురుగుమందు వాసన స్నానం చేసినా పోయేది కాదు. పాట మొదలయ్యేటప్పటికి మెలకువగా ఉండేవాడు, వాక్యం చదివేటప్పటికి గోడకి ఆనేవాడు, ప్రార్థన అయ్యేసరికి నిద్రపోయేవాడు. అమ్మమ్మ ప్రార్థన పొట్టిగా ఉండేది. పేర్లుండేవి కావు. "తండ్రీ, పొద్దున్న నేను చూసొచ్చిన బిడ్డ సంగతి నువ్వు చూసుకో" అనేది, అంతే. మా అమ్మ ప్రార్థన అలా కాదు. గొంతు పల్చగా మొదలై, మెల్లగా నిండి, చివరికి కన్నీళ్ళతో ముగిసేది. ఎవరికి జ్వరమో, ఎవరికి సంబంధం తప్పిపోయిందో, ఎవరి చేనుకి తెగులు తగిలిందో అన్నీ పేరుపేరునా వచ్చేవి. మాకు అమ్మ ప్రార్థనంటేనే ఇష్టం. రేడియోలో వార్తలు విన్నట్టుండేది. మా పేటలో ఆడవాళ్ళ కూడిక ఏదైనా చివరి ప్రార్థన కరుణమ్మే చెయ్యాలి. ఆమె ప్రార్థిస్తుంటే ఏడవని వాళ్ళు ఉండేవారు కాదు. అది ఆమెకి తెలుసు. మనిషికి తన దగ్గరున్న మంచి వస్తువు మీద కాస్త గర్వం ఉంటుంది, మా అమ్మకి అది తన ప్రార్థన మీద ఉండేది.

మిరపకాయలు కల్లాల్లో ఆరే రోజులూ, ఈస్టరుకి ముందు మాకు శ్రమ దినాల ఉపవాస ప్రార్థనలూ ఒకేసారి వచ్చేవి. ఊరంతా ఎరుపు, ఊరంతా ఘాటు. గుళ్ళో పాస్టరుగారు ప్రసంగం మొదలుపెడితే ఒక మూల దగ్గు లేచేది, అది రెండో మూలకి పోయేది, చివరికి పాస్టరుగారే దగ్గి నీళ్ళు తాగేవారు. పగలు ఆడవాళ్ళందరూ కల్లంలో వరసగా కూర్చుని కాయలకి తొడిమలు తీసేవాళ్ళు. వేళ్ళు మండిపోయి, ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకున్నా మంట తగ్గేది కాదు. ఆ మంటతోనే మాకు జడలు వేసేవాళ్ళు, మా మెడలు కూడా మండేవి. ఆ ఏడు మా శాంత పిన్ని కూడా తొడిమలు తీయడానికి వచ్చింది. పెళ్ళయి కొన్నేళ్ళయినా పిల్లలు లేరు. బాబాయి ఆమెని మా ఇంట్లో దించి, కొన్నాళ్ళకి వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడు.

కల్లంలో చేతులకి పని ఉంటుంది, నోళ్ళకి ఉండదు. మా ఎదురింటి రత్నమ్మ ఊరికే ఉండేది కాదు. "ఏమ్మా శాంతా, ఈ ఏడన్నా ఉందా ఏమన్నా?" అని రోజూ అడిగేది. పిన్ని నవ్వి, "ఇస్తే దేవుడు ఇస్తాడులే అత్తా" అనేది. ఆ వారంలోనే రత్నమ్మ మనవణ్ణి ఉయ్యాల్లో వేశారు. పాట పాడి, పిల్లవాడి మీద చెయ్యి ఉంచి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దీవిస్తున్నారు. పిన్ని వంతు వచ్చి చేతులు చాపేసరికి, రత్నమ్మ పిల్లవాణ్ణి లాక్కున్నట్టుగా ఎత్తుకుని, "ఆకలేస్తున్నట్టుందమ్మా వీడికి, పాలు పట్టాల" అంది. పిల్లవాడు నిద్రపోతున్నాడు. పిన్ని చాపిన చేతులు అలాగే వెనక్కి తీసుకుని, ఉయ్యాల తాడు సర్దినట్టు చేసింది. నేను చూశాను. మా అమ్మ కూడా చూసింది.

ఆ మధ్యాహ్నం పెరట్లో అక్కచెల్లెళ్ళిద్దరే ఉన్నప్పుడు పిన్ని చెప్పేసింది. గుంటూరులో డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారట, పరీక్షలు చేయించుకున్నారట. పిన్నిలో ఏమీ లేదు, ఉన్నది బాబాయిలో. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయన సరిగ్గా తిండి తినడం లేదు, కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు. "ఆయన నలుగురిలో తిరిగే మనిషక్కా. నన్నేమన్నా అంటే పడతా. ఇది మాత్రం నీ నోరు దాటకూడదు" అని పిన్ని మాట తీసుకుంది. ఈ సంభాషణ నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మే చెప్పింది. ఆ రోజు ఆమె నిజంగానే ఎవరికీ చెప్పకూడదనుకుంది. కానీ చెల్లెలు చేతులు వెనక్కి తీసుకున్న తీరు ఆమె కళ్ళముందు నుంచి పోలేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. గుడి మీద మైకు హారన్లు ఉండేవి. లోపల ఏం జరిగినా కల్లాల దాకా, రోడ్డు మీద టీ కొట్టు దాకా వినబడేది. ఆ వారం గుడి యాంప్లిఫయర్ కాలిపోయింది. పిన్నిని తీసుకెళ్ళడానికి ఎలాగూ వస్తున్నాడని, నాన్న ఫోను చేయిస్తే బాబాయి తన సెట్టు బస్సులో వేసుకుని వచ్చాడు. గుళ్ళో ఒక పక్క స్టూలు మీద యాంప్లిఫయర్ పెట్టుకుని, గొంతు గొంతుకీ సౌండు సరిచేస్తూ కూర్చున్నాడు. చివర్లో పాస్టరుగారు అలవాటుగా, "కరుణమ్మగారు ముగింపు ప్రార్థన చేస్తారు" అన్నారు.

అమ్మ మైకు తీసుకుంది. మామూలుగానే మొదలుపెట్టింది. పరీక్షలు రాసే పిల్లలూ, కోల్డ్ స్టోరేజీలో పని చేసేవాళ్ళూ, మంచాన పడ్డవాళ్ళూ అయ్యారు. ప్రతి మాటకీ ఆడవాళ్ళు "స్తోత్రం", "అవును తండ్రీ" అంటున్నారు. అప్పుడు గొంతు మారింది.

"ప్రభువా, నా చెల్లెలు శాంత కన్నీళ్ళు నీకు తెలుసు. ఆ బిడ్డని గొడ్రాలంటున్న నోళ్ళు కూడా నీకు తెలుసు. ఆ బిడ్డలో ఏ లోపమూ లేదని డాక్టర్లే చెప్పారు తండ్రీ. లోపం భర్తలో ఉంటే నింద ఆ బిడ్డ మోస్తోంది. నా మరిది యోహానును ముట్టు ప్రభువా, ఆయన శరీరాన్ని బాగుచెయ్యి."

ఒకటి రెండు చోట్ల "స్తోత్రం" సగం వచ్చి ఆగిపోయింది. అమ్మ గొంతు హారన్లలోంచి వెళ్ళి ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంకుకి తగిలి మళ్ళీ వచ్చేది, ఆ రోజు ఆ ఆఖరి ముక్క కూడా అలాగే రెండోసారి వినిపించింది. పిన్ని ముసుగు ముందుకి లాక్కుంది. నేను కళ్ళు తెరిచి బాబాయి వైపు చూశాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి యాంప్లిఫయర్ స్విచ్చి మీద ఉంది. ఆపలేదు. ఆమేన్ అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక వైర్లు చుట్టుకున్నాడు. ఎప్పుడూ చుట్టినంత శ్రద్ధగానే చుట్టి, పెట్టెలో పెట్టి, తాడు కట్టాడు. అమ్మ అన్నానికి రమ్మంటే, "ఆకలి లేదు వదినగారూ" అన్నాడు. పిన్ని బట్టలు సర్దుకుని సంచితో గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఆమెని చూసి, "నువ్వు ఉండు. నేను తర్వాత వస్తాలే" అని పెట్టె భుజానికెత్తుకుని ఒక్కడే బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎప్పుడు వస్తాడో చెప్పలేదు. వస్తాడో రాడో మాకెవరికీ తెలియలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన జరగలేదు. అమ్మమ్మ మంచం మీద కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడింది. ఆవిడ గొంతు పెంచలేదంటేనే మాకు భయం.

"ఏందే నువ్వు చేసింది?"

"నేనేమన్నా అబద్ధం చెప్పానా అమ్మా? దానికి జరిగేది చూడలేకపోయా. దేవుడికి చెప్పుకున్నా."

"దేవుడికి చెప్పుకునేదానివైతే మైకెందుకు? ఆయనకి చెవుడా? నువ్వు దేవుడి పేరు చెప్పి రత్నమ్మకి చెప్పావు."

పిన్ని అప్పటిదాకా గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. "నేను నీకు చెప్పుకున్నానక్కా. దేవుడికైతే నేను కూడా చెప్పుకోగలను" అంది. ఆ మాట తర్వాత ఆమె అక్కతో మాట్లాడటం మానేసింది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండేవాళ్ళు, ఒకే కల్లంలో కూర్చునేవాళ్ళు, ఉప్పు కావాలన్నా నా చేత అడిగించుకునేవాళ్ళు. చిత్రమేమిటంటే, ఆ రోజు నుంచి రత్నమ్మ పిన్నిని ఏమీ అడగలేదు. అమ్మ కోరుకున్నది జరిగింది. దాని వల్ల ఇంట్లో ఒక్కరికీ సుఖం లేదు. బాబాయి దగ్గర్నుంచి కబురు లేదు. పిన్ని సంచి సర్దింది సర్దినట్టే మంచం కింద ఉంది.

అమ్మ పూర్తిగా కుంగిపోయింది. ఆదివారం గుళ్ళో నిలబడి, అందరి ముందూ తప్పు ఒప్పుకుంటానంది. మా సంఘంలో అలా సాక్ష్యం చెప్పడం ఉన్నదే, అది గొప్ప సంగతిగానే చూస్తారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "మళ్ళీ మైకు పట్టుకుంటావా? ఆ రోజు రాని వాళ్ళకి కూడా ఇప్పుడు వినిపిస్తావా? నీ ఏడుపు చూసి అందరూ నిన్ను మెచ్చుకుంటారు. యోహానుకేం వచ్చుద్ది? నువ్వు ఎవరికి చేశావో వాళ్ళింటికి పోయి చెప్పు" అంది. తప్పు ఎంతమంది ముందు చేశామో అంతమందికీ వినబడేలా క్షమాపణ చెప్పాలని అందరూ అంటారు. కొన్ని తప్పులకి ఆ క్షమాపణే రెండో దెబ్బ అవుతుందని నేను మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ ఒక్క పాఠానికే ఆవిడకి జన్మంతా రుణపడి ఉన్నాను.

అమ్మమ్మా, అమ్మా, నేనూ బస్సెక్కాం. పిన్ని రానంది. ఆయన పిలవకుండా వెళ్ళనంది. దారి పొడుగునా పత్తి తీసేసిన చేలు, మోళ్ళ మీద అక్కడక్కడా దూది అంటుకుని ఉంది. అమ్మ పెదాలు కదుపుతూ కూర్చుంది. క్షమాపణ గురించి తనకి తెలిసిన వాక్యాలన్నీ వరసగా పెట్టుకుంటోంది. అమ్మమ్మ కాసేపు చూసి, "వాక్యాలేమీ వద్దే. నువ్వు వాక్యం తీస్తే అతను క్షమించక చస్తాడా? దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అడగబాక. ఊరికే చెప్పు" అంది.

బాబాయి షాపులో సోల్డరింగ్ చేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, అమ్మమ్మకి కుర్చీ వేసి, నాకు సోడా తెప్పించాడు. చిక్కిపోయాడు, గడ్డం గీసుకోలేదు. అమ్మ నిలబడే ఉంది. ఊరంతా ఏడ్చేలా ప్రార్థించే మా అమ్మకి మాట రాలేదు. చివరికి, "తప్పు చేశాను మరిదిగారూ" అంది.

ఆయన చేతిలోని వైరు ముక్కని సాగదీశాడు. "ఆపుదామనుకున్నా వదినగారూ. చెయ్యి స్విచ్చి మీదే ఉంది. ఆపితే నిజమేనని నేనే ఒప్పుకున్నట్టుంటదని ఆపలా" అన్నాడు. వైరు ముక్క బల్ల మీద పెట్టి, "శాంతని మీ ఊళ్ళో అట్టా అంటన్నారని నాకు తెలీదు. తను చెప్పలా. మీరన్నా నాకు చెప్పుంటే నేనే వచ్చి నా నోటితో చెప్పేవాణ్ణి. అది నేను చెప్పాల్సిన మాట. మీరు చెప్పేశారు" అన్నాడు.

"అవును నాయనా" అంది అమ్మమ్మ.

"నాకు కొంచెం టైము పడుద్ది అత్తయ్యగారూ. వదినగారి మీద కోపం లేదని చెప్పలేను."

"చెప్పొద్దు. క్షమించమని అడగటానికి రాలా. చేసింది తప్పని చెప్పటానికి వచ్చాం" అని అమ్మమ్మ లేచింది.

కల్లంలో కాయలు తరిగిపోయి, రంగు పోయిన తాలుకాయలు ఏరే పని మొదలైన రోజుల్లో ఒక పూట బాబాయి వచ్చాడు. ఇంటికి రాలేదు, నేరుగా కల్లానికే వచ్చాడు. ఆడవాళ్ళ వరసలో పిన్ని పక్కన ఖాళీ చూసుకుని కూర్చుని, తనూ కాయలు అందుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టాడు. మగవాళ్ళెవరూ ఆ పని చేయరు. అలవాటు లేక వరసగా తుమ్ముతున్నాడు. ఎవరూ నవ్వలేదు, అందరూ తలలు దించుకుని పని చేస్తున్నారు. అప్పుడు ఆయన రత్నమ్మ వైపు చూసి, మామూలు గొంతుతో అన్నాడు. "అత్తా, ఆ రోజు మైకులో మీరు విన్నది నిజమే. డాక్టరు చెప్పింది నా సంగతే. శాంతకేం లేదు. ఇంకేమన్నా అడగాలంటే నన్నే అడగండి." అని మళ్ళీ కాయ అందుకున్నాడు.

మా అందరి కళ్ళూ రత్నమ్మ మీదికి తిరిగాయి. రత్నమ్మ ఆయన చేతుల వైపు చూసి, "తొడిమ మొదట్లో పట్టుకో అల్లుడూ, అట్టా లాగితే కాయ పగిలి గింజలు రాలతయ్" అంది. తన కాయ ఒకటి తీసుకుని ఎలా తీయాలో చూపించింది. అంతకన్నా దయగల మాట ఆ పూట ఇంకెవరికీ తోచి ఉండదు. రత్నమ్మ పేరు చెడ్డగా రాశాను కాబట్టి ఇది కూడా రాయాలి. పిన్ని తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన ముక్కుకి అడ్డంగా కట్టింది. సాయంత్రం ఇద్దరూ కలిసి బస్సెక్కారు. ఎక్కే ముందు పిన్ని వెనక్కి వచ్చి, మా అమ్మకి "వెళ్ళొస్తానక్కా" అని చెప్పింది.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ విషయం వాళ్ళిద్దరూ అడిగిన వాళ్ళకి చెప్పేవాళ్ళు, అడగని వాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. తర్వాత నేను ఇంటర్ చదవడానికి వాళ్ళింట్లోనే ఉన్నాను. ఉదయం నా క్యారియర్ బాబాయే కట్టేవాడు. నేను పరీక్ష సరిగ్గా రాయలేదని ఏడిస్తే, ఎందుకు రాయలేదని అడక్కుండా సైకిల్ మీద సముద్రం దాకా తీసుకెళ్ళి, తాటి ముంజలు కొనిపెట్టేవాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మాటకీ భయపడాల్సిన పని లేదు. నాకు దొరికిన మంచి సంవత్సరాలు అవి.

మా అమ్మ మాత్రం మళ్ళీ మైకు పట్టుకోలేదు. ప్రార్థన మానలేదు, కానీ కొత్త పద్ధతి ఒకటి పెట్టుకుంది. ఎవరి కోసమైనా ప్రార్థించే ముందు వాళ్ళింటికి వెళ్ళి, "నీ గురించి ఏం చెప్పమంటావు, ఏం చెప్పొద్దంటావు?" అని అడిగేది. మొదట్లో ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. కొందరు "ఏం చెప్పమాక, ఊరికే నా పక్కన కూర్చో" అనేవాళ్ళు, కూర్చుని వచ్చేది. బాబాయి ఆమెతో మర్యాదగానే ఉండేవాడు. పండక్కి చీర తెచ్చేవాడు, ఆమె వండింది తినేవాడు. కానీ ఇంట్లో ప్రార్థన చేయాల్సి వస్తే అమ్మమ్మని అడిగేవాడు. అమ్మమ్మ పోయాక తనే చేసేవాడు, లేకపోతే నన్ను చెయ్యమనేవాడు. అమ్మని అడిగేవాడు కాదు. ఆయన కావాలని చేశాడని నేననుకోను. అడగబోతే నోరు రాలేదేమో. అమ్మ ప్రతిసారీ తల ముసుగు సర్దుకుని ఎదురుచూసేది, ఆయన వేరే పేరు పిలవగానే కళ్ళు మూసుకునేది.

ఇప్పుడు మా సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంది. ప్రార్థన అవసరతలని పొద్దున్నే వరసగా వస్తాయి. ఎవరి కూతురి విడాకుల సంగతో, ఎవరి కొడుకు తాగుడో, కింద చేతులు జోడించిన బొమ్మలు. ఒకసారి ఒకావిడ స్కానింగ్ రిపోర్టే పెట్టేశారు, అది ఆవిడది కూడా కాదు, ఆవిడ తోడికోడలిది. అందరూ ప్రేమతోనే పెడతారని నాకు తెలుసు. మా అమ్మ కూడా ప్రేమతోనే చేసింది. అప్పుడు మా హారన్లు టీ కొట్టు దాకా వినిపించేవి, ఈ గ్రూపు దుబాయి దాకా వినిపిస్తుంది, తేడా అంతే. కొంచెం ముసలితనం వస్తోందేమో, ఎవరైనా అలా పెడితే నేను ఫోను చేసి, "వాళ్ళని అడిగారా అమ్మా?" అంటున్నాను. కొందరికి నచ్చడం లేదు.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు బాబాయికి గుండె ఆపరేషన్ అవసరమైంది. గుంటూరులో ఆసుపత్రి, పెద్ద వార్డు, మంచం పక్కన మంచం, మనుషుల పక్కన మనుషులు. మా పాస్టరుగారు వస్తానన్నారు, బస్సు అందక ఆలస్యమైంది. ఆపరేషన్ గదికి తీసుకెళ్ళడానికి స్ట్రెచర్ వచ్చేసింది. నేను ప్రార్థించడానికి ముందుకు వచ్చాను. బాబాయి తల తిప్పి, నన్ను దాటి, గోడ పక్కన నిలబడ్డ మా అమ్మ వైపు చూశాడు.

"వదినగారూ, మీరు ప్రార్థన చెయ్యండి."

అమ్మ కదల్లేదు. తనని కాదనుకుంది. పిన్ని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. అమ్మ ఆయన తల దగ్గర నిలబడి, ఎవరినైనా అడిగినట్టే అడిగింది. "ఏం చెప్పమంటారు మరిదిగారూ? ఏం చెప్పొద్దంటారు?"

"అంతా చెప్పండి. పేరు పెట్టి చెప్పండి. గట్టిగా చెప్పండి, ఎవరు విన్నా పర్లేదు" అన్నాడు బాబాయి.

అమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి పేరు పలికింది. వార్డులో కొందరు లేచి నిలబడ్డారు, ఎవరో టీవీ తగ్గించారు. చాలా ఏళ్ళ తర్వాత నేను మా అమ్మ గొంతు పూర్తిగా విన్నాను. స్ట్రెచర్ వెళ్ళిపోయాక ఆమె వరండాలో బెంచీ మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆపరేషన్ గురించి భయపడుతోందనుకుని నేను ధైర్యం చెప్పబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి పిన్ని వైపు చూసింది.

"నన్ను అడిగాడే" అంది.

"విన్నానక్కా" అంది పిన్ని.